బందెలదొడ్డి వాళ్ళ కోట

"ఆ అబ్బాయి వచ్చి మళ్ళీ కోట సంగతి అడిగితే, నిద్రపోతున్నానని చెప్పు."

"ఎన్నాళ్ళని నిదరపోతావయ్యా?"

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఆ మాట అనేసి లోపలికి వచ్చాను. పప్పు తాలింపు పెట్టి మళ్ళీ వెళ్ళేసరికి గ్లాసు గడ్డిలో పడి ఉంది. అంబులెన్సు వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు. అందరు ఆడవాళ్ళకీ మొగుడు పోయేముందు అన్న మంచి మాట ఏదో ఒకటి ఉంటుంది తలుచుకోవడానికి. నాకు మిగిలింది నేను చేసిన ఎగతాళి.

ఆ అబ్బాయి అంటే మా అల్లుడే. ఆయన ఏనాడూ అల్లుడు అనలేదు, ఆ అబ్బాయి అనేవాడు. తెల్లవాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఇళ్ళకి కరెంటు పని చేస్తాడు. మా అమ్మాయి చదువుకోవడానికి సిడ్నీ వచ్చి, ఉద్యోగం చూసుకుని, ఇతన్ని చేసుకుని, టూంగాబీలో ఇల్లు కొనుక్కుని మమ్మల్నిద్దరినీ రప్పించుకుంది. మాకు ఒక్కతే కూతురు. నాకు సంతకం వరకే చదువు. ఇదంతా నేను చెబుతుంటే నా అన్న కూతురు ఫోనులో టైపు కొడుతోంది. తను ఇక్కడే యూనివర్సిటీలో చదువుకుంటూ మాతో ఉంటోంది.

ఇక కోట సంగతి. మేం వచ్చిన కొత్తలో ఒక ఆదివారం అల్లుడు పెరట్లో బార్బెక్యూ పెట్టాడు. మాకోసం కోడిముక్కలు వేరే పెనం మీద కాల్చాడు, ముక్కలు తిప్పే పట్టకారు కూడా వేరేది తెచ్చాడు. అంత శ్రద్ధ. కాలుస్తూ కాలుస్తూ మా అమ్మాయితో ఏదో అన్నాడు.

"నాన్నా, మన ఇంటిపేరుకి మీనింగ్ ఏంటని అడుగుతున్నాడు. ఇండియాలో ప్రతి సర్‌నేమ్ వెనకా ఒక స్టోరీ ఉంటుందని ఎక్కడో విన్నాడంట."

"మీనింగేంది? ఇంటిపేరు ఇంటిపేరే."

"ఏదో ఒకటి ఉంటుంది కదా. ఊరి పేరా? చేసే పనా?"

మా ఇంటిపేరు పూర్తిగా చెప్పను కాని, అందులో బందెల అనే మాట ఉంది. ఆయన నా వైపు చూశాడు. నేను ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తలేదు. అప్పుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"బందెల అంటే బందీలు. పూర్వం రాజులకి కోటలుండేవి. యుద్ధంలో పట్టుబడినోళ్ళని తెచ్చి ఆ కోటలో పెట్టేవాళ్ళు. దాని తాళంచెవి మా వాళ్ళ దగ్గరుండేది. అందుకని ఆ పేరు."

మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. అల్లుడు ఈల వేశాడు. "వావ్, అంకుల్! ఫోర్ట్!" అని చేతిలోని పట్టకారు ఎత్తి ఆయనకి సెల్యూట్ కొట్టాడు. ఆయన కూడా నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన మనసారా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే అనుకుంటాను.

బందెలదొడ్డి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి తెలియదు కనక చెబుతాను. ఊళ్ళో ఎవరి గొడ్లైనా తప్పించుకుని వేరేవాళ్ళ చేలో పడి మేస్తే, వాటిని పట్టుకొచ్చి పంచాయతీ వాళ్ళ దొడ్లో పెట్టి తాళం వేస్తారు. సొంతదారు జరిమానా కట్టి విడిపించుకోవాలి. ఆ దొడ్డే బందెలదొడ్డి. చుట్టూ నడుమెత్తు రాతిగోడ, గోడ మీద తుమ్మకంప, ఒక కర్రగేటు, లోపల నీళ్ళతొట్టి. మా మామగారు ఆ దొడ్డికి కాపలా. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. ఆయన తండ్రిదీ అదే పని. అసలు ఇంటిపేరు వేరే ఏదో ఉండేదట, ఊరు దాన్ని మరిచిపోయి దీన్ని తగిలించింది.

అది ఎవరూ గౌరవించే పని కాదు. గొడ్డు పట్టుబడితే తిట్లు తినేది చేను మేపినవాడు కాదు, పట్టుకున్నవాడు. రాత్రిపూట తనే కంచెలు తీసి గొడ్లని చేలల్లోకి తోలుతున్నాడని మా మామగారి మీద నింద వేసేవాళ్ళు. నేను కాపురానికి వెళ్ళిన వారంలోనే ఒకామె మా గుమ్మం ముందు నిలబడి, "కొత్త కోడలు రాగానే మా గేదెని పట్టారు, దాని ఉసురు మీకు తగలకుండా పోదు" అని వీధి వీధంతా వినేలా తిట్టింది. నేను భయపడి తలుపు చాటున నిలబడ్డాను. మా అత్త మాత్రం తొణకలేదు. పాడిగేదె పొదుగు నిండి అరుస్తోందని అంతకుముందే పక్కింటి పిల్లాణ్ణి పంపి వాళ్ళకి కబురు చెప్పించింది కూడా ఆమే. ఆ మాట తిట్టే మనిషికి చెప్పలేదు. "చెప్తే ఏమొస్తుందే? గేదె కోపం మీద ఉంది, పోతుందిలే" అంది. గేదె అంటే ఆ మనిషే.

మా ఆయన బడికి పోతుంటే పిల్లలు వెనక చేరి అంబా అంబా అని అరిచేవారట. తాళంచెవి ఏదిరా అని చొక్కా పైకెత్తి చూసేవారట. పెళ్ళయిన చాలా రోజులకి ఒక్కసారి చెప్పాడు, అదీ గోడవైపు తిరిగి పడుకుని. బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం దొరకగానే పట్నం వచ్చేశాడు, మళ్ళీ ఊళ్ళో కాపురం మాట ఎత్తనివ్వలేదు. మా అమ్మాయి పట్నంలోనే పుట్టింది. బందెలదొడ్డి దాని కంటపడలేదు. అందుకే ఆ ఆదివారం తండ్రి చెప్పిన కోటని అది కూడా నమ్మేసింది.

చూడండి, ఆయన ఎంత తెలివిగా చెప్పాడో. గొడ్లు ఉన్నచోట సైనికుల్ని పెట్టాడు, అంతే. తాళంచెవిని మాత్రం ఉన్నచోటే ఉంచాడు.

అల్లుడు అక్కడితో వదిలేసి ఉంటే బాగుండేది. వదల్లేదు. మామగారితో మాట్లాడటానికి అతనికి ఉన్న దారి అదొక్కటే. ఆయనకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. పని నుంచి రాగానే బూట్లు విప్పుతూ, "అంకుల్, ఫోర్ట్?" అనేవాడు. కోట ఏ ఊళ్ళో ఉంది? ఇప్పుడు గోడలు మిగిలి ఉన్నాయా? రేపు పిల్లలు పుడితే ఇండియా తీసుకెళ్ళి చూపించవచ్చా? ఒకసారి ఫోనులో కోటల బొమ్మలన్నీ తీసి ముందు పెట్టి, మీ కోట వీటిలో ఏది అన్నాడు. ఆయన కళ్ళజోడు లేదన్నాడు. కళ్ళజోడు జేబులోనే ఉంది.

అప్పట్నుంచి అతని వ్యాను చప్పుడు వింటే చాలు, ఆయన కళ్ళు మూసుకునేవాడు.

"నిజం చెప్పేస్తే పోద్దిగా," అన్నాను ఒకసారి.

"ఏమని చెప్పమంటావే? మా నాన్న గొడ్లు కాసేవోడు, మీ మామ అబద్ధాలకోరు అని చెప్పనా? సెల్యూట్ కొట్టినోడు రేపు అంబా అనడా?"

"అతనెందుకంటాడు, పెద్దమనిషి."

"పెద్దమనిషో కాదో మనకేం తెలుసు. ఇంటిపేరేమో పిండర్ అంట. పిండిమర ఉందేమో వాళ్ళకి."

అదీ సంగతి. మా ఇంటిపేరు గురించి అతను వందసార్లు అడిగాడు. అతని ఇంటిపేరు గురించి మేం ఒక్కసారి అడగలేదు. తెల్లవాళ్ళ పేర్లకి అర్థాలుంటాయని మాకు తోచనే లేదు. షాపు బోర్డు మీద పేరుంటుందే, అట్లాంటివే అనుకున్నాం.

ఆయన పోయాక అస్థికల్లో కొంత సముద్రంలో కలిపాం. మిగిలింది ఇక్కడ శ్మశానం తోటలో ఒక గోడ ఉంటే అందులో పెట్టించింది మా అమ్మాయి. ఎప్పుడన్నా వెళ్ళి నిలబడటానికి ఒక చోటుండాలమ్మా అంది. ఆ గోడలో ఒక్కొక్కరికి ఒక గూడు, గూటి మీద కంచు పలక. పలక మీద పేరు పెడతారు, కావాలంటే ఒక బొమ్మ కూడా. ఆ పలక పని అల్లుడు తన నెత్తిన వేసుకున్నాడు. ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు. కొన్నాళ్ళకి పోత పోసేవాళ్ళు పంపిన నమూనా అని ఫోను తెచ్చి నాకు చూపించాడు.

రెండు బురుజులు, మధ్యలో పెద్ద తలుపు. కోట.

"ఫర్ అంకుల్," అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. గుడ్, గుడ్ అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో ముందు నోటికొచ్చేది అదే.

ఆయనకి కొడుకులు లేరు. అమ్మాయి పెళ్ళయ్యాక మొగుడి ఇంటిపేరుకి మారింది, అది మన ఆచారమే, దానికి ఆయనా ఏమీ అనలేదు. నా సంగతి వదిలేస్తే, ఇకమీదట మా ఇంటిపేరు కొత్తగా ఎక్కడన్నా రాయాల్సి వస్తే అది ఆ పలక మీదే. ఆఖరిసారి. దాని కింద లేని కోట. కంచులో పోస్తే మళ్ళీ చెరిపేది ఉండదు. అటు చూస్తే, నిజం చెబితే ఆయన ఇన్నేళ్ళు కళ్ళు మూసుకుని దాచుకున్నది ఆయన పోగానే నేను బజార్న పెట్టినట్టవుతుంది. ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నాను. పోత పోసేవాళ్ళకి సోమవారంలోగా సరే అనాలని మా అమ్మాయి రోజూ గుర్తుచేస్తోంది.

ఆ వారంలోనే మా అల్లుడి పెంపుడు కుక్క తప్పిపోయింది. నేను చెత్తడబ్బా బయటపెట్టి పక్కగేటు వెయ్యడం మరిచాను, అది వెళ్ళిపోయింది. మర్నాడు కౌన్సిల్ నుంచి, అదే ఇక్కడి మున్సిపాలిటీ నుంచి ఫోను, మీ కుక్క పౌండ్‌లో ఉందని. ముగ్గురం వెళ్ళాం. ఇనపగదులు, అన్నిట్లోనూ కుక్కల అరుపులు.

"ఏందే ఇది, కుక్కల ఆసుపత్రా?"

"కాదమ్మా, పౌండ్. రోడ్ మీద తిరిగేవాటిని పట్టుకొచ్చి పెడతారు. ఓనర్ వచ్చి ఫైన్ కట్టి తీసుకెళ్ళాలి."

నేను నిలబడిపోయాను. "గొడ్లని కూడా పెడతారా?"

అది నవ్వి అతన్ని అడిగింది. అతనేదో చెప్పాడు, చెబుతూ చెబుతూ సిగ్గుపడి మెడ వెనక గోక్కున్నాడు. మా అమ్మాయి నా వైపు తిరిగింది.

"ఒకప్పుడు ఇక్కడ కూడా ఆవుల్నీ గుర్రాల్నీ పెట్టేవాళ్ళంట. ఫన్నీ థింగ్ అమ్మా, వీళ్ళ సర్‌నేమ్ అదే. పిండర్ అంటే అర్థం అదేనంట. ఇంగ్లండ్‌లో, నార్త్‌లో, పాతకాలంలో ఊళ్ళో దారి తప్పిన పశువుల్ని పట్టుకొచ్చి పౌండ్‌లో పెట్టేవాణ్ణి పిండర్ అనేవాళ్ళు. వీళ్ళ ముత్తాతల ముత్తాత ఎవరో ఆ పని చేశాడు."

"పశువుల్ని పట్టేవాడా? తాళం వేసి, జరిమానా కట్టించుకుని వదిలేవాడా?"

"అవును. ఎందుకంత అరుస్తున్నావు?"

"అయ్యో రామా! అయితే ఇద్దరిదీ ఒకే ఇంటిపేరుగదే! ఒకే ఇంటిపేరోళ్ళు అన్నాచెల్లెళ్ళు అవుతారు, పెళ్ళెట్టా చేసుకున్నారే మీరు?"

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మన దగ్గర సంబంధం అనగానే ముందు అడిగేది ఇంటిపేరు, ఒకటే అయితే అక్కడితో సరి. పెద్దవాళ్ళ నోట విన్నదే నా బుర్రలో కూర్చుంది. కుక్కల అరుపుల మధ్య, ఆ సంబంధం ఎలా కలిసిందా అని నేను నిజంగానే బెంబేలెత్తాను.

"ఒకే ఇంటిపేరేంటమ్మా? మనది ఫోర్ట్ కదా?"

అప్పుడు నాకు తెలిసొచ్చింది ఏం అన్నానో. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అక్కడే, కౌంటర్ ముందు బల్ల మీద కూర్చుని చెప్పేశాను. దొడ్డి, తాతయ్య, మొలతాడు, తాళంచెవి, అంబా. మా అమ్మాయి మొహంలో రంగు పోయింది. అల్లుడు కుక్కకి తాడు కడుతూ, ఆంటీ ఏమంటోంది అని అడిగాడు. "నథింగ్," అంది అది.

ఇంటికి వచ్చాక వంటింట్లో తలుపు వేసింది.

"అతనికి చెప్పొద్దమ్మా. ప్లీజ్."

"అతనిది కూడా అదేగదే, ఎందుకు చెప్పకూడదు?"

"అతనిది అదైతే అతనే చెప్పుకుంటాడు. నాన్న మన మధ్య లేడు. లేని మనిషిని లయర్ చేస్తావా? అతనికి నాన్నతో ఉన్నదే ఆ ఫోర్ట్. అదొక్కటే. అది కూడా తీసేస్తే ఇంకేం మిగుల్తుంది?"

ఆ మాట పక్కన పెట్టి, నన్ను తొలిచేది అడిగాను.

"మరి అతను తన పేరు సంగతి నాన్నకి ఎందుకు చెప్పలేదే? ఆయన బతికుండగా ఒక్కసారన్నా?"

"నేనూ అదే అడిగాను అమ్మా, ఇందాక కారులో. ఫోర్ట్ విన్నాక ఆవుల సంగతి ఎవరు చెబుతారు అన్నాడు. నాన్న చిన్నచూపు చూస్తాడేమోనని."

నేను గ్యాసు కట్టేసి కుర్చీలో కూలబడ్డాను. ఈయన అతనికి భయపడి కళ్ళు మూసుకున్నాడు. అతను ఈయనకి భయపడి నోరు మూసుకున్నాడు. ఇద్దరూ బందెలదొడ్డి వాళ్ళే. ఆ ఆదివారం ఈయన ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, అతను చేతిలో పట్టకారు పారేసి, మాదీ అదే అని వచ్చి వాటేసుకునేవాడు. ఒకే బల్ల దగ్గర అన్నేళ్ళు తిన్నారు.

ఆదివారం సాయంత్రం అల్లుడు గరాజులో తీగలు చుట్టుకుంటుంటే వెళ్ళాను. మా అమ్మాయికి చెప్పలేదు. నా అన్న కూతురిని వెంట రమ్మన్నాను, కాని ముందు నేనే మొదలుపెట్టాను.

"ఫోర్ట్... నో."

"సారీ, ఆంటీ?"

"అంకుల్, నో ఫోర్ట్. కౌ. బఫెలో. మై ఫాదర్ ఇన్ లా, కీ." నడుము దగ్గర తాళంచెవి ఆడించి చూపించాను. "కౌ కమ్, లాక్. మనీ, గో. యు సేమ్. అంకుల్ సేమ్."

అతను తీగ కింద పెట్టాడు. నా అన్న కూతురి వైపు చూశాడు. అది మిగతాదంతా చెప్పింది. అతను పెద్దగా నవ్వేశాడు, సగంలో ఆగిపోయాడు. పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడే?"

"నేను అడిగినప్పుడల్లా అంకుల్ నిద్రపోయింది అందుకేనా అంటున్నాడు అత్తా."

అవునన్నాను. అతను రెండు చేతుల్తో మొహం తుడుచుకున్నాడు.

"ముందు నేనే చెప్పాల్సింది అంటున్నాడు."

తర్వాత ఫోను తీసి నాకో బొమ్మ చూపించాడు. అతని పూర్వీకుల ఊరి దగ్గరిదట. నడుమెత్తు రాతిగోడ, ఒక కర్రగేటు. కంప ఒక్కటి లేదు కాని, అచ్చం మా ఊరిదే. ఇప్పుడు అందులో గొడ్లు లేవు. ఊరివాళ్ళు గోడ బాగుచేయించి, లోపల పూలమొక్కలు నాటి, కూర్చోవడానికి బల్ల వేసుకున్నారట. మా దొడ్డిని పడగొట్టి ఆ రాళ్ళు ఎవరో ఇంటి పునాదికి ఎత్తుకుపోయారు. ఆ బొమ్మ ఆయనకి చూపించాల్సింది. దానికి కళ్ళజోడు లేదనేవాడు కాదేమో. ఏమో, అప్పుడు కూడా అనేవాడేమో.

పలక మీద ఏం పెట్టమంటారని అతను అడిగాడు. ఆవు బొమ్మ పెట్టనా అన్నాడు, గేటు పెట్టనా అన్నాడు. నాకు ఆ బడిపిల్లల అరుపు చెవిలో మోగింది. ఏమీ వద్దన్నాను. ఉత్త పేరు చాలన్నాను. మా అమ్మాయి ఆ రోజు నాతో మాట్లాడలేదు, తర్వాత మెల్లగా మాట్లాడింది.

పలక వచ్చింది, గోడకి బిగించారు. మొన్న వెళ్ళి చూశాను. చుట్టుపక్కల పలకల మీద గులాబీలు, చేపలు, క్రికెట్ బ్యాట్లు. ఆయన పేరు కింద మాత్రం ఖాళీ. ఎండ పడి ఆ ఖాళీ మెరుస్తోంది. అల్లుడు దాన్ని చొక్కా చేతితో తుడిచి, "అంకుల్, సేమ్ నేమ్," అన్నాడు. చిన్నగా అన్నాడు. నేను పక్కకి తిరిగాను.

అబద్ధం తీసేశానన్న తృప్తి నాకు లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఊరు తగిలించిన పేరు మోసిన మనిషి, ఒక్కసారి తన నోటితో తనకి నచ్చిన అర్థం చెప్పుకున్నాడు. ఒక మనిషి దానికి సెల్యూట్ కొట్టాడు. దాన్ని నేను చెరిపించాను. చెరిపించకపోతే అల్లుడికి ఆయన ఎవరో ఎప్పటికీ తెలిసేది కాదు. రెండింటిలో ఆయన ఏది కోరుకునేవాడో అడుగుదామంటే మనిషి లేడు. ఇది నలుగురూ చదివితే ఆయన మీద నవ్వుతారో, జాలిపడతారో కూడా నాకు తెలియదు.

చాలమ్మా, ఇంక ఆపు. ఇప్పుడు మొదటినుంచి నాకు చదివి వినిపించు. ఆయన్ని తక్కువ చేసినట్టు ఎక్కడన్నా నీ చెవికి తగిలితే అక్కడ ఆగి చెప్పు, తీసేద్దాం. మెల్లగా చదువు.